క్రిస్మస్‌కి ఈసారి అన్నీ ఇంట్లోనే: కేకు, బిస్కట్లు, చెట్టుకు అలంకారాలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తీరికలేదు
అందరికీ నమస్తే. ఈ ఏడాది క్రిస్మస్‌కి కొనేవి తగ్గించి కేకు, బిస్కట్లు, చెట్టుకు కట్టేవి, పంచే కానుకలు వీలైనంత వరకు ఇంట్లోనే చేద్దామని ఇద్దరం అనుకున్నాం. పిల్లలు ఇద్దరు. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి నాలుగు. ఓవెన్ చిన్నది, ఒకసారికి ఒక్క ట్రేనే పడుతుంది. ఇద్దరికీ ఉద్యోగాలు, చేతిలో ఉండేవి సాయంత్రాలు, శని ఆదివారాలు. పండక్కి ఇంకా నాలుగు వారాలుంది. వీడియోల్లో ప్రతిదీ పావుగంటలో అయిపోతోంది, నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. ఏది ముందు చేయాలి, ఏది ఆఖరికి వదిలేయాలి, ఏ పని జోలికి అసలు పోకూడదు? పంచేవాళ్లలో ఒకరు గుడ్డు తినరు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

వెన్నముద్ద
తీరిక లేదంటూనే బాగానే నెత్తికెత్తుకున్నారు :) రుచిని బట్టి కాకుండా ఏది ఎన్నాళ్లు నిలవ ఉంటుందో దాన్ని బట్టి వరస పెట్టుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఫ్రూట్ కేకు అన్నిటికంటే ముందు. అది మాగితేనే రుచి, కాబట్టి నాలుగు వారాలు సరిగ్గా సరిపోతాయి. శనివారం రాత్రి కిస్మిస్, నల్ల ఎండుద్రాక్ష, ఎండు ఖర్జూరం, నారింజ తొక్క, చెర్రీ, ఏది ఉంటే అది సన్నగా తరిగి నానబెట్టండి. ఆదివారం బేక్ చేసేయండి. టిన్ను లోపల బేకింగ్ పేపరు రెండు పొరలు వేయండి, బయట చుట్టూ మందపాటి కాగితం ఇంకో రెండు పొరలు చుట్టి పురికొసతో కట్టండి. 150 డిగ్రీల దగ్గర రెండున్నర, మూడు గంటలు ఉండే కేకు ఇది. ఆ కాగితం లేకపోతే మధ్య ఉడికేలోపు అంచులు మాడతాయి. మీది చిన్న ఓవెన్ అన్నారు కదా, బయటి కాగితం రాడ్లకు తగలకుండా చూసుకోవాలి. అంత చోటు లేకపోతే బయటిది మానేసి లోపలే మూడు పొరలు వేయండి.

తర్వాత బిస్కట్లు. పిండిముద్ద ముందే కలిపి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, మూడు నెలల వరకు ఏమీ కాదు. బేక్ చేశాక జింజర్ బ్రెడ్, అంటే శొంఠి బిస్కట్లు, గాలి చొరని డబ్బాలో వారాల తరబడి ఉంటాయి, షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కట్లు కూడా తేలిగ్గా రెండు వారాలు. క్రీము పెట్టేవి, తాజా పండ్లు వేసేవి ఈసారికి వద్దు. అవి ముందురోజే చేయాలి, ఆ రోజు మీకు వేరే పనులుంటాయి.

రాత్రి_ఓవెన్
ఒక్క ట్రే అని దిగులు పడకండి. ట్రేలు రెండు పెట్టుకోండి. ఒకటి ఓవెన్లో ఉండగా రెండోది ఫ్రిజ్‌లో. వేడి ట్రే మీద పచ్చి బిస్కట్లు పేర్చారో, ఓవెన్లోకి వెళ్లకముందే వెన్న కరిగిపోయి ఆకారం జారిపోతుంది.

ఓవెన్ మీది ముల్లుని నమ్మకండి. చిన్న ఓవెన్లలో 10, 20 డిగ్రీల తేడా మామూలు విషయం. లోపల వేలాడదీసే థర్మామీటరు ఒకటి, గ్రాముల కాటా ఒకటి కొనుక్కోండి. మిగతా అచ్చులూ గిచ్చులూ ఏవీ అక్కర్లేదు. కప్పుల కొలత బేకింగ్‌కి నప్పదు. మైదా నొక్కి నింపితే ఒక బరువు, చెంచాతో వదులుగా పోస్తే ఇంకో బరువు.

బేకింగ్ పౌడరు డబ్బా ఎప్పటిదో కూడా చూడండి. అర చెంచా పొడి మీద వేడినీళ్లు పోస్తే బుసబుసమని పొంగాలి, పొంగలేదంటే పారేయడమే. వంటసోడాకి మాత్రం నీళ్లు చాలవు, నిమ్మరసమో వెనిగరో పోసి చూడాలి. సోడాకి పులుపు తగిలితేనే గ్యాసు పుడుతుంది. బేకింగ్ పౌడర్లో ఆ పులుపు పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది. ఒకటి లేదని దాని బదులు అంతే కొలత రెండోది వేయకూడదు. సోడా బలం దాదాపు మూడు రెట్లు.

గళ్ళచొక్కా
అందరూ ఎగదోస్తున్నారు కాబట్టి నేను కాస్త నీళ్లు చల్లుతా.

ఇంట్లో చేస్తే చవక అన్న లెక్క ఉంటే ముందు అది తీసేయండి. వెన్న, బాదం, ఎండుఫలాలు, కరెంటు కలిపితే చాలాసార్లు కొన్నదానికంటే ఎక్కువే తేలుతుంది. చేతిపనులైతే మరీను. ఒక్క దండ చేద్దామని మొదలెట్టి గ్లూ గన్ను, రంగురంగుల ఫెల్టు, నాలుగు రకాల రిబ్బన్లు కొంటాం. పండగయ్యాక అవన్నీ అటక మీదికి. సరదా కోసం చేయండి, పొదుపు కోసమైతే వద్దు.

నా సలహా: ఒక కేకు, ఒక రకం బిస్కట్లు, ఒక చేతిపని. అంతే. పండగ పూట కూర్చుని తినడానికి మీకూ ఓపిక మిగలాలి కదా.

సూదీదారం
గళ్ళచొక్కా గారి మాటకు నాది సగం ఓటే. కొత్తగా కొంటే ఖర్చు, ఇంట్లో ఉన్నదాంతో చేస్తే ఏం ఖర్చు?

మూల పడేసిన ఉన్ని స్వెట్టరు ఉంటే బయటికి తీయండి. నూటికి నూరు పాళ్లూ ఉన్నిదే అయ్యుండాలి, అక్రిలిక్ పనికిరాదు. వేడినీళ్లలో సబ్బు వేసి బాగా రుద్ది ఉతికితే ఉన్ని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని గుడ్డ ముడుచుకుని దళసరి అవుతుంది. మామూలప్పుడైతే స్వెట్టరు పోయిందని ఏడుస్తాం, ఇప్పుడు మనకి కావాల్సింది అదే. ఆ గుడ్డని ఎటు కత్తిరించినా అంచు పోగులూడదు. నక్షత్రం ఆకారంలో రెండు ముక్కలు కోసి, మధ్యలో కాస్త దూది పెట్టి, చుట్టూ కాజా కుట్టు వేయండి. పైన ఉచ్చు వదిలితే చెట్టుకి కట్టుకోవచ్చు. తొమ్మిదేళ్ల పాపకి మొండి మొన ఉన్న పెద్ద సూది ఇస్తే తనే కుట్టేస్తుంది. కుట్లు వంకరగా పడితే పడనివ్వండి, మీరు రాత్రి కూర్చుని విప్పి మళ్లీ కుట్టొద్దు. పొద్దున్నే కనిపెట్టేస్తారు.

శొంఠికొమ్ము
నా పేరు చూస్తేనే నేనెందుకొచ్చానో తెలిసుంటుంది. ఒక్క రకం బిస్కట్లే చేయాలంటే జింజర్ బ్రెడ్డే చేయండి. తినొచ్చు, పంచొచ్చు, చెట్టుకీ కట్టొచ్చు.

350 గ్రాముల మైదా, 125 గ్రాముల వెన్న, 125 గ్రాముల బ్రౌన్ షుగర్, 100 గ్రాముల తేనె లేదా మొలాసిస్, ఒక గుడ్డు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు. శొంఠిపొడి పెద్ద చెంచాడు, దాల్చినచెక్క పొడి రెండు చిన్న చెంచాలు, లవంగాల పొడి పావు చెంచా మించకుండా. గుడ్డు వద్దనుకుంటే దాని బదులు మూడు పెద్ద చెంచాల పాలు. వెన్న, చక్కెర, తేనె సన్నని సెగ మీద కరిగించి గోరువెచ్చగా అయ్యాకే గుడ్డు వేయాలి, లేకపోతే గుడ్డు ఉడికి కూర్చుంటుంది. తర్వాత పొడులన్నీ వేసి కలపండి. ముద్ద జిగటగా, పలచగా కనిపిస్తుంది. కంగారుపడి ఇంకో గుప్పెడు మైదా వేశారంటే బిస్కట్లు పెంకులైపోతాయి. అలాగే చుట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి, పొద్దుటికి దానంతటదే గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ముద్దని రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి అర సెంటీమీటరు మందాన వత్తండి. పై కాగితం తీసి అచ్చులు నొక్కండి. బొమ్మల్ని ఎత్తకండి, బొమ్మల చుట్టూ ఉన్న పిండిని ఎత్తేయండి. బొమ్మలు కాగితం మీద ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, చేతులూ కాళ్లూ సాగవు. ఆ కాగితంతో సహా ట్రే మీదికి జరిపి, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు 175 డిగ్రీల ఓవెన్లోకి. 10 నుంచి 12 నిమిషాలు. అంచులు ఒక ఛాయ ముదిరితే చాలు. తీసినప్పుడు మధ్యలో వేలు పెడితే మెత్తగానే ఉంటాయి, కాలలేదేమో అని మళ్లీ లోపలికి తోయొద్దు. చల్లారాకే కరకరలాడతాయి.

చెట్టుకి కట్టేవాటికి బేక్ చేయకముందే స్ట్రాతో కన్నం పొడవాలి. కాలేటప్పుడు కన్నం కాస్త పూడుతుంది, వేడి మీదే అదే స్ట్రాతో ఇంకోసారి గుచ్చేయండి. చల్లారాక ప్రయత్నిస్తే విరుగుతుంది.

తీరికలేదు
శొంఠికొమ్ము గారూ, చుట్టూ పిండిని ఎత్తేయడం అనే ఆలోచన నాకు జన్మలో తట్టేది కాదు. జింజర్ బ్రెడ్ ఖాయం.

ఇంకో రెండు అడగాలి. వీటి మీద తెల్లగా గీతలు గీస్తారు కదా, ఆ ఐసింగ్‌లో పచ్చి గుడ్డు ఉంటుందట, పిల్లలకి పెట్టొచ్చా? మా చిన్నోడు పిండి కలిపే గిన్నె దగ్గర్నుంచి కదలడు, నాకేస్తుంటాడు. గుడ్డు వేయని ముద్దయితే ఫర్వాలేదా?

వెన్నముద్ద
రెండోది ముందు చెప్తా. గుడ్డు లేకపోయినా పచ్చిముద్ద నాకనివ్వకండి. మైదా అంటే మనకి శుభ్రమైన సరుకు అనిపిస్తుంది కానీ అది వేడి తగలని పచ్చి పదార్థమే. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పిండిలోనూ ఉండొచ్చు. వాడికి వేరే గిన్నెలో కాస్త ఐసింగ్ ఇచ్చి గెంటేయండి.

ఐసింగ్‌కి పాత కొలత, రెండు తెల్లసొనలకి 450 గ్రాముల ఐసింగ్ షుగర్. పచ్చి సొనతో సాల్మొనెల్లా భయం ఉంది కాబట్టి చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవయసు వాళ్లు తినేదైతే పాశ్చరైజ్ చేసిన తెల్లసొన గానీ మెరాంగ్ పౌడర్ గానీ వాడండి. గుడ్డు తినని వాళ్ల కోసం ఐసింగ్ షుగర్‌లో పాలు చెంచా చెంచాగా పోసి కలిపితే సరి. అది అంత గట్టిగా ఆరదు, ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంటుకుంటాయి, మధ్యలో కాగితం వేయాలి. ఇంకోమాట, మెరాంగ్ పౌడర్ కూడా గుడ్డుతో చేసిందే. పొడి కదా అని వాళ్లకి పెట్టేయకండి.

గీతలు గీయడానికి చెంచా ఎత్తితే మొన నిలబడాలి. లోపల నింపడానికైతే పైనుంచి జారిన ధార పది, పదిహేను సెకన్లలో కలిసిపోవాలి. వాడనంతసేపు గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే పైన పెచ్చు కట్టి ఆ పలుకులు ఐసింగ్ పిండే పైపింగ్ కవరు మూతిలో ఇరుక్కుంటాయి.

కాగితం_కత్తెర
కాగితం గురించి ఒక్కరూ ఎత్తలేదేంటి? అన్నిటికంటే చవక, ఓవెన్ అక్కర్లేదు, గళ్ళచొక్కా గారికి కూడా అభ్యంతరం ఉండదు.

మంచు పువ్వులు చేయండి, కానీ సరిగ్గా చేయండి. మామూలుగా కాగితాన్ని సగానికి సగం మడుస్తూ పోతారు, ఎనిమిది రేకులొస్తాయి. అసలైన మంచు పలుకుకి ఎనిమిది ఉండవు, ఆరే. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు కోణాల గళ్లుగా అల్లుకుంటాయి, ఆ ఆరే బయటికి కనపడుతుంది. ఎందుకు ఆరే అని 1611లోనే యోహానెస్ కెప్లర్ ఓ చిన్న పుస్తకం రాశాడు. అమెరికాలో వెర్మాంట్ అనే చోట విల్సన్ బెంట్లీ అని ఒక రైతు 1885లో మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి మంచు పలుకుని ఫొటో తీశాడు, తర్వాత జీవితాంతం అదే పని, 5000కు పైగా తీశాడు. ఆ ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి. వాటిని ముందు పెట్టుకుని కత్తిరిస్తే డిజైన్లకి వెతుక్కోనక్కర్లేదు.

మడత ఇలా. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడిస్తే త్రికోణం వస్తుంది. పొడుగాటి అంచు మధ్యలో గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గర్నుంచి కుడి భాగాన్ని ఎడమకి, ఎడమ భాగాన్ని దాని మీదికి, మూడూ సమానంగా వచ్చేలా మడవండి. ఇప్పుడు 60 డిగ్రీల చీలిక ఉంటుంది. దాన్ని నిలువుగా ఇంకోసారి సగం చేయండి. పైన ఎగుడుదిగుడుగా మిగిలింది కోసేయండి. కాగితం పన్నెండు పొరలవుతుంది, అందుకే పల్చటిది తీసుకోవాలి. కోతలు రెండు పక్కల అంచుల నుంచీ పెట్టొచ్చు కానీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి కత్తెర దాటిపోకూడదు. దాటిందా, విప్పగానే ముక్కలు రాలిపడతాయి. విప్పాక రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి సన్నటి వేడి మీద ఇస్త్రీ చేస్తే చదునుగా ఉంటాయి.

నాలుగేళ్ల బాబుకి గొలుసు ఇవ్వండి. కాగితం పట్టీలు, జిగురు. వాడికి విసుగొచ్చే దాకా అంటిస్తాడు, ఎక్కడ ఆగితే అక్కడికి గొలుసు.

పాతడబ్బా
ఉప్పుపిండి బొమ్మలు కూడా చిన్నపిల్లలకి బాగుంటాయి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పు కంటే కాస్త తక్కువ నీళ్లు. కేకుకి కప్పులు వద్దన్నారు కానీ దీనికి చాలు. చపాతీముద్దలా పిసికి, వత్తి, అచ్చులతో కోసి, 100 డిగ్రీల దగ్గర మూడు గంటలో ఇంకా ఎక్కువో ఆరబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే బుడగలొచ్చి ఉబ్బుతాయి. పూర్తిగా ఆరాక రంగులేసి రెండు పక్కలా వార్నిష్ కొట్టాలి. కొట్టకపోతే ఉప్పు గాల్లో తేమని పీల్చుకుని, కొన్నాళ్లకి బొమ్మ చెమ్మగిల్లి మెత్తబడుతుంది.

అదే వేడిలో నారింజ చక్రాలు కూడా ఎండబెట్టుకోవచ్చు. అర సెంటీమీటరు మందం, తుడిచి తడి తీసేసి, మధ్యలో తిప్పుతూ మూడు నాలుగు గంటలు. వెలుతురు ముందు పట్టుకుంటే లోపలి గింజల గదులు అద్దంలా కనిపిస్తాయి. తడి మిగిలితే మాత్రం బూజు పడుతుంది.

తీరికలేదు గారూ, ఇంట్లో కుక్క ఉందా?

తీరికలేదు
ఉంది. ఏది కింద పడ్డా తినేసే రకం. ఎందుకడిగారు?

పాతడబ్బా
అయితే ఉప్పుపిండి మానేయండి. అది పిండి వాసనకి తినేస్తుంది, అంత ఉప్పు ఒక్కసారి లోపలికి పోతే కుక్కకి ప్రాణాపాయం. చెట్టుకి ఎంత పైన కట్టినా లాభం లేదు, పడేవి పడుతూనే ఉంటాయి. మీ ఫ్రూట్ కేకు కూడా జాగ్రత్త. కిస్మిస్, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి, చాక్లెట్ సంగతి సరేసరి. తినిందని అనుమానం వస్తే ఏమవుతుందో చూద్దామని ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తీరికలేదు
అమ్మో, మంచిమాట చెప్పారు. ఉప్పుపిండి కట్. స్వెట్టరు నక్షత్రాలు, కాగితం చాలు. కేకులో రమ్ము పోయాలా, రసం పోయాలా? ఇంట్లో ఈ విషయం మీద ఓటింగ్ జరుగుతోంది.

రాత్రి_ఓవెన్
రమ్మే. బేక్ చేశాక వారానికోసారి పుల్లతో పైన గుచ్చి ఒకటి రెండు చెంచాలు పోస్తుంటే నాలుగు వారాలు బయటే నిలవ ఉంటుంది. కేకు మాగడమంటే అదే.

వెన్నముద్ద
నేను ఒప్పుకోను. పిల్లలున్న ఇల్లు, నలుగురికి పంచే కేకు. నారింజ రసంలో నానబెట్టి చేస్తే రుచి ఏమీ తగ్గదు. కాకపోతే రసం కేకు అన్నాళ్లు బయట ఉండదు. పూర్తిగా చల్లార్చి, గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి, రసం పోస్తూ ఉండటం కూడా కుదరదు. పండక్కి ముందురోజు తీస్తే సరి.

రాత్రి_ఓవెన్
ఫ్రీజర్‌లో మాగదు కదండీ, ఆగిపోతుంది అంతే.

వెన్నముద్ద
ఆగనివ్వండి. మాగకపోయినా మా ఇంట్లో ముక్క మిగల్లేదు.

గళ్ళచొక్కా
ఈ తగువు నేను తీర్చలేను గానీ, రమ్ము పోస్తే ఒక పని తప్పకుండా చేయండి. ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి. ఓవెన్లో ఎగిరిపోతుందిలే అనుకుంటారు చాలామంది. బేక్ చేసినా పూర్తిగా పోదు, తర్వాత పోసింది అస్సలు పోదు.

ఎలాగూ వచ్చాను కాబట్టి ఇంకోటి. కార్డులు, కానుకల కవర్ల మీద మెరుపుపొడి చల్లొద్దు. అది చాలావరకు ప్లాస్టిక్కే, కాగితంతో పాటు రీసైకిల్ కాదు, ఇంట్లో వచ్చే పండగ దాకా దొరుకుతూనే ఉంటుంది. చుట్టే కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదలండి. ఉండలా నిలిస్తే కాగితం, విచ్చుకుంటే ప్లాస్టిక్ పూత ఉన్నట్టు. గుడ్డలో చుట్టి ముడేసినా అందంగానే ఉంటుంది, జపాన్‌లో అదో పెద్ద కళ.

కార్డులు చేతితో రాయలేకపోతే బాధపడక్కర్లేదు. అచ్చేసి అమ్మిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించింది. అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకే, జాన్ కాల్‌కాట్ హార్స్లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించాడు. మీ పేరు పెట్టుకోవాల్సినవాడు ఆయన.

తీరికలేదు
హహ, ఆ కార్డు సంగతి మా ఆయనకి చదివి వినిపించా.

సరే, ఇదీ ప్లాన్. ఈ శని ఆదివారాలు ఫ్రూట్ కేకు. సగానికి రమ్ము, సగానికి రసం, రెండు చిన్న టిన్నుల్లో, ఇంట్లో గొడవ లేకుండా. వచ్చే వారం సాయంత్రాలు స్వెట్టరు నక్షత్రాలు, కాగితం. మూడో వారం జింజర్ బ్రెడ్, మొత్తం పాలతోనే, అప్పుడు ఎవరిది ఏదని చూసుకోనక్కర్లేదు. ఆఖరి వారం ఏమీ పెట్టుకోవట్లేదు. డబ్బాలో వెన్న బిస్కట్లు కూడా ఉంటే బాగుంటుందని ఆశగా ఉంది కానీ గళ్ళచొక్కా గారు తిడతారేమో.

గళ్ళచొక్కా
ఏడాదికోసారి కదా, చేయండి. నాకూ ఓ డబ్బా పంపండి.

శొంఠికొమ్ము
షార్ట్‌బ్రెడ్ కొలత నోటికొచ్చేస్తుంది. బరువులో ఒక వంతు చక్కెర, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా. గుడ్డు లేదు, సోడా లేదు. 160 డిగ్రీల దగ్గర లేత బంగారు రంగు రాగానే తీసేయండి. వేడి మీదే చాకుతో గాట్లు పెట్టుకోవాలి.

రెండూ ఒకే డబ్బాలో మాత్రం సర్దకండి. లవంగాల వాసన వెన్న బిస్కట్లకి పట్టేసి రెండూ ఒకే రుచి అవుతాయి. కొరియర్‌లో పంపేవైతే ఐసింగ్ లేనివి ఎంచుకోండి. రెండేసి వీపులు కలిపి కాగితంలో చుట్టి, డబ్బా ఊపితే చప్పుడు రాకుండా నలిపిన కాగితం కూరండి. పైన చీటీలో ఏమేం వేశారో రాయండి: మైదా, వెన్న, పాలు, బాదం ఏది ఉంటే అది. గుడ్డు తినని వాళ్లకే కాదు, గింజలు పడని వాళ్లకీ పనికొస్తుంది.

తీరికలేదు
ఒక్క చివరి ప్రశ్న. కేకుని రెండు చిన్న టిన్నుల్లో వేస్తే ఆ మూడు గంటల లెక్క మారుతుంది కదా?

రాత్రి_ఓవెన్
మారుతుంది. 15 సెంటీమీటర్ల టిన్నులైతే గంటన్నర దాటాక పుల్ల గుచ్చి చూడటం మొదలెట్టండి. పచ్చిపిండి అంటకుండా పుల్ల బయటికొస్తే అయినట్టే. ఎండుద్రాక్ష జిగురు అంటితే అది లెక్కలోకి రాదు, పక్కన ఇంకోచోట గుచ్చండి. పైన రంగు ముందే ముదిరిపోతుంటే ఫాయిల్ వదులుగా కప్పండి. రెండూ పక్కపక్కన పెడితే మధ్యలో గాలి ఆడే చోటు వదలాలి. పట్టకపోతే రెండో టిన్నుని పిండితో సహా ఫ్రిజ్‌లో పెట్టి, మొదటిది అయ్యాక పెట్టండి. ఫ్రూట్ కేకు పిండికి ఆ కాసేపు ఆగితే ఏమీ కాదు, చల్లగా ఉంటుంది కాబట్టి పది నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు.